పిల్లలకు ఆదర్శం ఎవరు? నాటకాల పందిరి నుంచి సెల్ ఫోను దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు ఈ విషయం మీద ఒక వ్యాసం వ్రాయవలసిందిగా కార్యదర్శిగారు కోరారు. సినిమా తారలను, పేరుపొందిన ఆటగాళ్ళను పిల్లలు ఆదర్శంగా పెట్టుకోవచ్చునా, కూడదా అన్నది ప్రశ్న. మన ఇళ్ళలో రోజూ వచ్చే ప్రశ్నే ఇది. మనవడి గదిలో గోడకు అంటించిన బొమ్మ చూసి తాతగారికి కోపం. తాతగారి కోపం చూసి మనవడికి నవ్వు. కోడలు ఇద్దరికీ చెరొక కప్పు ఇచ్చి మధ్యలోంచి తప్పుకుంటుంది.

నేను ముప్ఫై ఆరేళ్ళు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ఏ ఫైలు వచ్చినా పైకాగితం ఒక్కటే చూసి నోటు పెట్టవద్దనీ, అడుగు కాగితం నుంచి చదువుకుంటూ రావాలనీ మా హెడ్ గుమాస్తాగారు చేరిన రోజునే చెప్పారు. ఆ అలవాటు పోలేదు. అందుచేత ఈ ఫైలును కూడా అడుగు నుంచే విప్పుతాను. పాఠకులు కాస్త ఓపిక పట్టాలి.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశం మన బెజవాడలో జరిగింది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసులో కోటిమంది సభ్యులు, దేశంలో ఇరవై లక్షల రాట్నాలు అని తీర్మానించింది ఇక్కడే. భట్లపెనుమర్రు వాస్తవ్యులు పింగళి వెంకయ్యగారు జెండా నమూనాను గాంధీగారికి చూపించిందీ ఇక్కడే. ఆ తరువాత మన పల్లెలలో దేవుడి పటాల సరసన గాంధీ పటం వెలిసింది. ఇదంతా బడిపిల్లలకు కూడా తెలిసిన సంగతి.

అంతగా ఎవరూ పట్టించుకోని సంగతి మరొకటి ఉంది. ఆ గాంధీగారికి చిన్నతనంలో ఆదర్శం ఎవరు? ఆయనే ఆత్మకథలో వ్రాసుకున్నారు. ఒకటి, తల్లిదండ్రులను కావడిలో మోసిన శ్రవణుని కథ. రెండవది, తండ్రి అనుమతి తీసుకుని చూసిన హరిశ్చంద్ర నాటకం. ఆ నాటకాన్ని తనలో తాను లెక్కలేనన్నిసార్లు ఆడుకున్నానని, అందరూ హరిశ్చంద్రునిలా సత్యసంధులు ఎందుకు కాకూడదని పగలూ రాత్రీ తనను తాను అడిగేవాణ్ణని చెప్పారు. అయితే గమనించవలసిందేమిటంటే, ఏదో ఒక నాటక కంపెనీ అన్నారే గాని ఆ వేషం కట్టిన నటుడి పేరు వ్రాయలేదు. ఆయన చుట్ట కాల్చేవాడో, అప్పులు ఎగ్గొట్టేవాడో, లేక నిజంగానే సత్యవంతుడో ఆ పిల్లవాడికి అక్కర లేకపోయింది. హరిశ్చంద్రుణ్ణి వెంట తీసుకుని, నటుణ్ణి అక్కడే వదిలి ఇంటికి వచ్చాడు.

మన డెల్టాలో నాటకాలు చూస్తూ పెరిగిన పాతతరం వారికి ఈ సంగతి విడమర్చి చెప్పనవసరం లేదు. మాసూళ్ళు అయి, ధాన్యం గాదెలకు చేరి, చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులలో ప్రతి ఊళ్ళోనూ నాటకం ఉండేది. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర, తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు. పెట్రోమాక్సు లైట్ల కింద తెల్లవార్లూ పద్యాలు, వన్స్‌మోర్‌లు, పద్యానికి పద్యం పోటీలు. కాటిసీను వచ్చేసరికి ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకునేవారు. పొద్దున్నే చూస్తే ఆ హరిశ్చంద్రుడే చెవుల దగ్గర రంగు సరిగ్గా వదలని ముఖంతో కాలవ గట్టు మీద టీ తాగుతూ, రాత్రి ఒప్పుకున్న డబ్బు పూర్తిగా ఇవ్వలేదని కంట్రాక్టరుతో తగవు పడుతూ కనిపించేవాడు. దానికి ఎవరూ ఆశ్చర్యపడేవారు కారు. పిల్లలం కూడా పడేవాళ్ళం కాము. వేషం వేషమే, మనిషి మనిషే. రెండు పద్దులు, రెండు ఖాతాలు. రంగు కడుక్కోవడం కళ్ళారా చూసిన పిల్లలకు ఆ తేడా ఎవరూ నేర్పనవసరం లేదు.

ఆటల విషయంలో ఇంకా తేలిక. మల్లయోధుడు కోడి రామమూర్తిగారి పేరు చెప్పి మా తాతల తరంలో ఎందరో తాలింఖానాలలో దండీలు, బస్కీలు తీశారు. ఆయన మనవైపు మనిషి కాదు, ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టినవాడు. 1942లో కన్నుమూశారు. గుండెకు కట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంచడం, కదిలే మోటారుకారును గొలుసులతో ఆపడం వంటివి జనం ఎదుట చేసి చూపించేవారు. అక్కడ వేషం లేదు. చేసింది ఆయనే. అలా కావాలంటే పిల్లవాడు చేయవలసింది కూడా స్పష్టమే. తెల్లవారుజామున లేచి కసరత్తు చేయాలి.

ఇక సినిమా సంగతి. కాంగ్రెసు సమావేశం జరిగిన 1921లోనే బెజవాడలో మారుతీ సినిమా హాలు మొదలైంది. ఇది యాదృచ్ఛికమే అయినా నాకు ఎప్పుడూ తమాషాగా తోస్తుంది. తరువాత దుర్గాకళామందిరం, ఇంకా ఎన్నో హాళ్ళు, గాంధీనగరంలో పంపిణీదారుల ఆఫీసులు వచ్చి, సినిమా వ్యాపారానికి మన ఊరు పెద్ద కూడలి అయింది. నాటకానికీ సినిమాకూ ఉన్న తేడాలు చాలామంది వ్రాశారు. నాకు ముఖ్యంగా కనిపించేది ఒక్కటే. సినిమాలో నటుడు రంగు కడుక్కోవడం ఎవరికీ కనిపించదు. అదే ముఖం, ఒకే రోజున, బందరులోనూ బెజవాడలోనూ గుడివాడలోనూ నిలువెత్తు తెర మీద వెలుగుతుంది. రెండు పద్దులూ కలిసిపోయింది అక్కడే.

కలిపినవారిలో ఇద్దరు మహానటులు మన డెల్టా వారే కావడం విశేషం. నందమూరి తారక రామారావుగారు 1923లో నిమ్మకూరులో, అక్కినేని నాగేశ్వరరావుగారు గుడివాడ దగ్గర రామాపురంలో పుట్టారు. రెండు ఊళ్ళూ ఒకదానికొకటి దూరమేమీ కావు. మాయాబజార్ 1957 మార్చిలో విడుదలైంది. ఆ తరువాత తెలుగువారికి కృష్ణుడంటే రామారావుగారే. క్యాలెండర్లలో బొమ్మ మారిపోయింది. తిరుపతి వెళ్ళిన యాత్రికులు బస్సులలో మద్రాసు వెళ్ళి ఆయన ఇంటి ముందు నిలబడి చూసి వచ్చేవారు. అయితే ఆయనే రావణుడు, ఆయనే సుయోధనుడు కూడా. 1977 నాటి దానవీరశూర కర్ణలో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడు వేషాలూ ఆయనవే. మా వీధిలో పిల్లలు ఆ సినిమా చూసి వచ్చి ఆడిన ఆటలో కృష్ణుడి వేషానికి ఎవరూ ముందుకు రాలేదు. అందరికీ దుర్యోధనుడే కావాలి, గద కావాలి. అప్పటికే పిల్లలు పాత్రను ఎంచుకోవడం మానేసి ముఖాన్ని ఎంచుకోవడం మొదలుపెట్టారన్నమాట.

రామారావుగారి జీవితంలో మనబోటి ఉద్యోగులకు బాగా జ్ఞాపకం ఉండే ఘట్టం సబ్ రిజిస్ట్రారు ఉద్యోగం. 1947లో మద్రాసు సర్వీసు కమిషను పరీక్షలో నెగ్గి గుంటూరు జిల్లా ప్రత్తిపాడులో ఆ ఉద్యోగంలో చేరి, మూడు వారాలకే వదులుకుని సినిమాలకు వెళ్ళారు. 1949లో మనదేశంతో తెరమీదికి వచ్చారు. నేను ఉద్యోగం చేసిన రోజులలో ఈ కథ చెప్పి రాజీనామా ఇస్తానని బెదిరించిన కుర్ర గుమాస్తాలను నలుగురైదుగురిని ఎరుగుదును. రాత్రి మెయిలుకు మద్రాసు వెళ్ళి, చేతి వాచీ కుదువపెట్టి తిరిగి వచ్చినవాళ్ళనూ ఎరుగుదును. వారికి కనిపించింది వదిలేసిన ఉద్యోగం. కనిపించనిది, అంతకుముందు కుటుంబం చితికిపోయినప్పుడు సైకిలు మీద బెజవాడ హోటళ్ళకు పాలు పోసి చదువుకున్న కుర్రవాడు. కనిపించనిది, ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణగారు ఆడవేషం ఇస్తే మీసం తీయనని పట్టుబట్టి 'మీసాల నాగమ్మ' అని పేరు తెచ్చుకుని కూడా రంగస్థలం వదలని కుర్రవాడు.

నాగేశ్వరరావుగారి సంగతి మరో రకం. ఆయనది ప్రాథమిక తరగతులతో ఆగిపోయిన చదువు. నాటకాలలో ఆడవేషాలు వేసే కుర్రవాణ్ణి బెజవాడ రైల్వే స్టేషనులో ఘంటసాల బలరామయ్యగారు చూసి సినిమాకు తీసుకువెళ్ళడం అందరికీ తెలిసిన కథే. "ఆయన ఏం చదివాడని అంతవాడయ్యాడు?" అని బడి ఎగ్గొట్టే పిల్లలు చెప్పే సమాధానం మన కాలంలోనూ ఉంది. కాని ఆ మనిషి డబ్బు చేతికి వచ్చాక చేసిన పెద్ద పనులలో ఒకటి గుడివాడ కళాశాలకు భారీ విరాళం ఇవ్వడం. నేటికీ ఆ కళాశాల ఆయన పేరుతోనే నడుస్తోంది. తనకు దక్కనిదేమిటో ఆయనకు తెలుసు. ఆ కళాశాలలో చదువుకుని ఉద్యోగాలలో చేరి, పదవీ విరమణ చేసినవారు ఈ సంచిక చదివేవారిలోనే చాలామంది ఉంటారు. నాగేశ్వరరావుగారిని ఆదర్శంగా తీసుకోవడమంటే బడి మానడమా, కళాశాలకు డబ్బు ఇవ్వడమా? పిల్లవాడు మొదటిది తీసుకుంటాడు, ఎందుకంటే అది తేలిక. రెండవది చూపించవలసింది ఇంట్లో పెద్దవాళ్ళు.

పెద్దవాళ్ళు అన్నాను గాని, ముఖాన్ని చూసి మురిసిపోవడంలో పెద్దవాళ్ళు పిల్లలకంటె తక్కువ తిన్నవారు కారు. 1982 మార్చి 29న రామారావుగారు పార్టీ పెట్టారు, తొమ్మిది నెలలలో ముఖ్యమంత్రి అయ్యారు. 1983 జనవరి 9న ప్రమాణ స్వీకారం. నేను అప్పటికి సర్వీసులో కుర్రవాణ్ణే. చైతన్య రథం మీద ఆయన వెళుతుంటే చేతులు జోడించినవారిలో మా ఆఫీసువాళ్ళు సగం మంది. నెల తిరిగేసరికి ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయస్సును 58 నుంచి 55కు తగ్గిస్తూ ఉత్తర్వు వచ్చింది. ఫిబ్రవరి 28న రాష్ట్రమంతటా వేలమంది ఒక్కరోజున దిగిపోయారు. కుర్చీలు ఖాళీ, ఫైళ్ళు పేరుకుపోవడం, తరువాత ఎన్.జి.ఓ.ల సమ్మె, ఇవన్నీ పెద్దవారికి జ్ఞాపకమే. 1984లో వయస్సును మళ్ళీ 58 చేశారు. 1985 జనవరిలో సుప్రీంకోర్టు మాత్రం ఆనాటి తగ్గింపు చెల్లుతుందనే తీర్పు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022లో 62 అయింది గనుక నేటి ఉద్యోగులకు ఇదంతా పురాణం లాగా ఉంటుంది.

ఆయన పరిపాలనలోని మంచిచెడ్డలు ఇక్కడ మన విషయం కాదు. రెండు రూపాయల బియ్యం, ఆడపిల్లలకు ఆస్తిలో సమాన హక్కు ఆయన చలవే. నేను చెప్పదలచినది వేరు. ఆ రోజు దిగిపోయినవారిలో చాలామంది అన్న మాట ఒక్కటే: "కృష్ణుడు ఇలా చేస్తాడనుకోలేదు." ఉత్తర్వు ఇచ్చింది కృష్ణుడు కాదు, ఖజానా లెక్కలు, నిరుద్యోగుల సంఖ్య ముందు పెట్టుకున్న ఒక ముఖ్యమంత్రి. ఉత్తర్వులు చదవడమే వృత్తిగా ఉన్న గుమాస్తాలకే ఆ తేడా తెలియకపోతే పదేళ్ళ పిల్లవాడికి ఎలా తెలుస్తుంది? (2022లో జిల్లాలు విడదీసినప్పుడు బెజవాడ ఉన్న జిల్లాకు ఆయన పేరు పెట్టారు. ఆయన పుట్టిన నిమ్మకూరు మాత్రం కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. కృష్ణుడు ఒక జిల్లా, రామారావుగారు ఒక జిల్లా. ఈ ఒక్క విభజనతో మన చర్చ తేలిపోయిందని మా మిత్రుడొకరు హాస్యమాడారు.)

ఇప్పుడు ఆటగాళ్ళ కాగితాలు తీద్దాం. మొదటి పేరు సి.కె. నాయుడుగారిది. కొఠారి కనకయ్య నాయుడు 1895లో నాగపూరులో పుట్టినా వారి వంశం మన బందరు నుంచి వెళ్ళినదే. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద 153 పరుగులు చేశారు. అందులో పదకొండు సిక్సర్లు. 1932లో లార్డ్స్ మైదానంలో భారతదేశం ఆడిన మొట్టమొదటి టెస్టుకు నాయకుడు ఆయనే. ఆంధ్ర జట్టు 1953-54లో తొలిసారి రంజీ పోటీలలోకి దిగినప్పుడు నాయకత్వం వహించింది కూడా ఆయనే. అప్పటికి ఆయన వయస్సు యాభై ఎనిమిది. మనం పెన్షను కాగితాలు నింపుకున్న వయస్సులో ఆయన ప్యాడ్లు కట్టుకుని ఆడారు. ఆ విషయం నాకు ఎంతో ఇష్టం. మనవళ్ళకు కూడా అదే చెబుతూ ఉంటాను.

అయితే ఆయన ఫైలులోనే మరో కాగితం ఉంది. 1941లో ఒక లివర్ టానిక్కు ప్రకటనలో నాయుడుగారి బొమ్మ వచ్చింది. సరుకు అమ్మడానికి పేరు ఇచ్చిన మొదటి భారత క్రికెట్ ఆటగాడు ఆయనేనని చెబుతారు. టానిక్కు వల్ల ఎవరికైనా మేలు జరిగిందో లేదో గాని కీడు జరిగిందని వినలేదు. ఆ రోజులలో ఆటగాళ్ళకు ఆటవల్ల వచ్చే డబ్బు కూడా అంతంతే. కాబట్టి నేను ఆయనను తప్పు పట్టను. కాని తలుపు అక్కడ తెరుచుకుంది. నాటకంలో పిల్లవాడికి దక్కింది పాత్ర. సినిమాలో పాత్ర, ముఖం కలిసి దక్కాయి. ప్రకటనలో పాత్రా లేదు, ఆటా లేదు. ముఖం ఒక్కటే మిగిలింది, పక్కన సీసా.

ఆ తలుపులోంచి సబ్బులు వచ్చాయి, బిస్కట్లు వచ్చాయి, శీతల పానీయాలు వచ్చాయి, గుట్కా కంపెనీల 'ఏలకులు' వచ్చాయి. చివరకు ఫోనులో డబ్బు పెట్టి ఆడే ఆటలు వచ్చాయి. ఇక్కడ కాస్త నిలబడాలి.

మన సభ్యులలో ఒకరి ఇంట్లో జరిగింది చెబుతాను. పేరూ ఊరూ చెప్పను. డిగ్రీ చదివే మనవడు. తాతగారి ఫోనులో పెన్షను జమ చూసిపెట్టడం, ఏటా లైఫ్ సర్టిఫికెట్ పని చేసిపెట్టడం అన్నీ వాడే. బుద్ధిమంతుడు. ఒక నెల పెన్షను పడిన నాలుగోరోజున తాతగారు మందులు కొనడానికి డబ్బు తీయబోతే ఖాతాలో ఆరువందల చిల్లర ఉంది. వెనక్కి లెక్కలు తీస్తే అయిదు నెలలుగా కొంచెం కొంచెంగా పోతూ, డి.ఎ. బకాయిలు జమ అయిన నెలలో ఒక్కసారిగా పోయింది. కుర్రవాడు రెండు రోజులు ఇంటికి రాలేదు. ఆ రెండు రోజులూ ఆ ఇల్లు ఎలా ఉన్నదో నేను చూశాను. కాలవల వెంట, రైలు పట్టాల వెంట వెతికారు. దేవుడి దయవల్ల స్నేహితుడి గదిలో దొరికాడు. ఎందుకు ఆడావురా అంటే వాడు చెప్పిన సమాధానం: "ఆయనే చెప్పాడు కదా తాతయ్యా. ఆయనకు అబద్ధం చెప్పవలసిన అవసరం ఏముంది?" ఆయన అంటే ఒక నటుడు. ఆ నటుడి సినిమాకు వాణ్ణి మొదటిసారి చెయ్యిపట్టుకుని తీసుకువెళ్ళింది ఈ తాతగారే.

ప్రభుత్వాలు ఊరుకోలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుడు ప్రకటనలో కనిపించిన ప్రముఖుడికి కూడా పది లక్షల వరకు, మళ్ళీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానా వేయవచ్చు, కొంతకాలం ప్రకటనలు చేయకుండా నిషేధించవచ్చు. తాను ప్రచారం చేసే సరుకు గురించి తగిన విచారణ చేసుకున్నానని చూపితే మాత్రం జరిమానా లేదు. మన రాష్ట్రం 2020లోనే చట్టం సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 మార్చిలో హైదరాబాదు పోలీసులు బెట్టింగు యాప్‌ల ప్రచారం విషయమై పాతికమంది దాకా నటీనటుల మీద, ఇతర ప్రచారకుల మీద కేసు పెట్టారు. ఎవరి తప్పు ఎంతో తేల్చవలసింది న్యాయస్థానాలు, నేను కాదు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. వాటికి ప్రకటనలు చేసినవారికి రెండేళ్ళ వరకు జైలు, యాభై లక్షల వరకు జరిమానా. ఆ చట్టం వచ్చిన వెంటనే మన భారత క్రికెట్ జట్టు చొక్కాల మీద రెండేళ్ళుగా ఉన్న అటువంటి కంపెనీ పేరు తీసేయవలసి వచ్చింది. నాయుడుగారి టానిక్కు సీసా నుంచి ఆ చొక్కా దాకా ఎనభై నాలుగేళ్ళు.

అయితే ముఖం అమ్మనివారు లేరా అంటే ఉన్నారు. పుల్లెల గోపీచంద్‌గారిది అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్ల. 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండు బ్యాడ్మింటను గెలిచారు. 1980లో ప్రకాశ్ పదుకొనే తరువాత అది గెలిచిన రెండవ భారతీయుడు. వెంటనే ఒక శీతల పానీయం కంపెనీ ప్రకటనకు అడిగితే, తాను తాగని పానీయాన్ని పిల్లలను తాగమని చెప్పలేనని కాదన్నారు. అప్పటికి ఆయన డబ్బున్నవాడేమీ కాదు. తరువాత అకాడమీ కట్టడానికి సొంత ఇల్లు తాకట్టు పెట్టిన మనిషి. అసలు ప్రముఖులు ఆదర్శంగా ఉండాలా అన్న ప్రశ్నకు ఆయన వైపు నుంచి వచ్చిన సమాధానం ఇది. చూసే పిల్లలు ఉన్నారని ఆయనకు ఎవరూ జీవో ఇచ్చి చెప్పలేదు.

ఆయన శిష్యురాలు పి.వి. సింధు తల్లిగారిది బెజవాడే. తల్లిదండ్రులిద్దరూ వాలీబాలు ఆటగాళ్ళు. 2016లో రియో ఒలింపిక్సులో వెండి పతకం తెచ్చి, కృష్ణా పుష్కరాల చివరి రోజులలో ఆ అమ్మాయి బెజవాడ వస్తే దారి పొడుగునా జనమే. మరుసటి ఏడు రాష్ట్ర ప్రభుత్వం డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం కూడా ఇచ్చింది. ఆ ఊరేగింపు చూసిన పిల్లలకు దక్కింది పూలు, కోట్ల రూపాయల బహుమతి, ఇళ్ళస్థలం. వాళ్ళకు నేను చెప్పిన సంగతులు రెండు. చిన్నప్పుడు ఇంటి నుంచి అకాడమీకి రానూపోనూ రోజూ యాభై కిలోమీటర్ల పైచిలుకు తిరిగింది. రియోకు ముందు గోపీచంద్‌గారు మూడు నెలలపాటు ఆమె ఫోను తీసుకుని దాచేశారు. రెండవది చెప్పగానే మా మనవరాలు ముఖం ముడుచుకుంది. సింధు ఎత్తు మన చేతిలో లేదు, ఫోను దాచడం మన చేతిలో ఉంది కదా అన్నాను. "నీ ఫోను కూడా దాచేదా తాతయ్యా?" అంది. దానికి నా దగ్గర సమాధానం లేకపోయింది, టీవీలో వార్తలు పెట్టుకున్నాను.

నా ఉద్దేశం ఇప్పటికి పాఠకులకు తెలిసే ఉంటుంది. నటుడికంటె ఆటగాడు నయం. నటుడు చేసింది వేషం, ఆటగాడు చేసింది సొంతపని. అయితే ఆటగాడిలో కూడా పిల్లలు అందుకోగలిగినది ఆ పనిని మాత్రమే. మిగతా గుణాలన్నీ ఉన్నాయని మనం ఊహించుకుని, లేవని తెలిసిన రోజున గుండెలు బాదుకోవడం ఆ ఆటగాడికీ అన్యాయమే.

ఇంకొక రకం తారలను మన ఊరే కనిపెట్టింది. వారిని గూర్చి వ్రాయకపోతే ఇది బెజవాడ వ్యాసం కాదు. ఏటా ఫలితాలు వచ్చిన మరునాడు పేపరు మొదటి పేజీ నిండా, రింగురోడ్డు హోర్డింగుల నిండా తపాలా బిళ్ళల మాదిరి అంటించిన పిల్లల ముఖాలు, కింద ర్యాంకులు. పదిహేడేళ్ళకే ఆ పిల్లలు ప్రముఖులు. సీసా బదులు పక్కన కాలేజీ పేరు. ఆ పిల్ల ఎలా చదివింది, ఏ మేష్టారు ఏ లెక్క ఎలా చెప్పారు అన్నది అందులో ఉండదు. ఆ హోర్డింగు చూపించి "చూడు వాళ్ళను" అని మనమే మనవళ్ళతో అంటాం. సినిమా పోస్టరు చింపేసిన చేతితోనే ఆ పేపరు కత్తిరించి గోడకు అంటిస్తాం. తేడా నాకు బోధపడలేదు.

దగ్గరలో కళ్ళతో చూడదగినవి చాలా ఉన్నాయి. కంకిపాడులో పుట్టిన కె.ఎల్. రావుగారు చిన్నతనంలో బడి ఆటస్థలంలో దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోగొట్టుకున్నారు. మిగిలిన కంటితోనే చదివి ఎంత ఇంజనీరయ్యారో, కేంద్రమంత్రిగా దేశంలో నదుల మీద ఎంత పనిచేశారో చెప్పడానికి నాగార్జునసాగరు ఉంది. పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరే పెట్టారు. ఆయన బొమ్మ ఏ పిల్లల గదిలోనూ నేను చూడలేదు. బెజవాడ ఓల్గా ఆర్చరీ అకాడమీ సంగతి కూడా చెప్పాలి. దానిని నడిపిన యువ శిక్షకుడు చెరుకూరి లెనిన్ 2010లో రోడ్డు ప్రమాదంలో పోతే, ఆయన తండ్రి ఆ దుఃఖంలో కూడా దానిని మూయలేదు. వెన్నం జ్యోతి సురేఖ అయిదేళ్ళు నిండకముందే కృష్ణానది ఈదిన పిల్ల. ఆ తరువాత విల్లు పట్టుకుంది. 2023లో హాంగ్‌చౌ ఆసియా క్రీడలలో మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఆమె వేసే కాంపౌండు విల్లు విభాగం ఒలింపిక్సులో ఇంతవరకూ లేదు. 2028లో మిశ్రమ జట్ల పోటీకి మాత్రం చోటు ఇచ్చారు. ఒలింపిక్సు లేదని తెలిసి కూడా అన్నేళ్ళు రోజూ అవే బాణాలు వేసింది. ఊరేగింపు ఆశించినవాళ్ళు చేసే పని కాదది.

గుడివాడలో 1987లో పుట్టిన కోనేరు హంపికి చదరంగం నేర్పింది తండ్రి. కెమిస్ట్రీ అధ్యాపకులుగా ఉన్న ఉద్యోగం ఆమె కోసం వదులుకున్నారు. (మన జిల్లాలో ఉద్యోగం వదిలినవారందరూ మద్రాసు వెళ్ళలేదన్నమాట.) 1997లో పదేళ్ళలోపు బాలికలలో ప్రపంచ విజేత. 2002లో పదిహేనేళ్ళకు గ్రాండ్‌మాస్టరు. అప్పటికి ప్రపంచంలో ఏ ఆడపిల్లా అంత చిన్న వయస్సులో ఆ బిరుదు అందుకోలేదు. 2017లో కూతురు పుట్టాక కొంతకాలం ఆట మానింది. ఇక అయిపోయిందని అందరూ అనుకున్నారు. 2019లో ప్రపంచ ర్యాపిడ్ పోటీ గెలిచింది, 2024 డిసెంబరులో న్యూయార్కులో మళ్ళీ గెలిచింది.

2025 జూలైలో జార్జియా దేశం బటూమిలో మహిళల ప్రపంచ కప్పు చివరి పోటీకి చేరి, సగం వయస్సున్న నాగపూరు అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో టైబ్రేకులో ఓడిపోయింది. మా వీధిలో చదరంగం నేర్చుకునే పిల్లలు అయిదారుగురు ఆ ఆట ఫోనులో చూశారు. మర్నాడు సాయంత్రం మా అరుగు మీద బోర్డు పరిచి, ఎత్తులన్నీ కాగితం మీద వ్రాసుకుని, హంపి ఏ ఎత్తు దగ్గర పొరబడింది, అక్కడ ఏం ఆడి ఉండవలసింది అని దీపాలు పెట్టేవేళ దాకా వాదించుకున్నారు.